వీడియో లైబ్రరీ

వీడియో లైబ్రరీ అనగా సినిమాలు నమోదు చేసిన వీడియో క్యాసెట్లను, తరువాతి కాలంలో వీసీడీలను, డీవీడీలను రోజు లెక్కన అద్దెకు ఇచ్చే దుకాణం. వాడుకలో దీనిని వీడియో షాపు, క్యాసెట్ల షాపు అని కూడా అనేవారు. నాటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ పట్టణాలలో ఈ దుకాణాలు 1980వ దశకంలో మొదలై, 1990వ దశకంలో పేటపేటకూ విస్తరించి, 2010 నాటికి చాలావరకు మూతపడ్డాయి.

ఒక్కో క్యాసెట్టు మీద ఒక్కో రోజుకు వచ్చే అద్దెయే ఈ దుకాణానికి ప్రధాన ఆదాయం. కనుక క్యాసెట్టు గడువులోగా తిరిగి రావటం, చెడిపోకుండా రావటం, వచ్చిన రోజే మళ్ళీ బయటకు వెళ్ళటం అనే మూడింటి మీద దుకాణం మనుగడ ఆధారపడి ఉండేది. అందులో పనిచేసేవారి దినచర్య అంతా ఈ మూడింటి కోసం జరిగే శ్రమయే. ఈ వ్యాసం ముఖ్యంగా తెలుగు పట్టణాలలోని చిన్న దుకాణాల రోజువారీ పనిని వివరిస్తుంది.

పేరు

గ్రంథాలయం నుండి పుస్తకం తెచ్చుకొని చదివి తిరిగి ఇచ్చే పద్ధతి తెలుగు పాఠకులకు ముందే పరిచయం. అంతేగాక రోజుకు కొద్ది పైసలు తీసుకొని నవలలు అద్దెకిచ్చే చిన్న దుకాణాలు కూడా ఊళ్ళలో ఉండేవి. వీడియో క్యాసెట్ల దుకాణం అదే పద్ధతిలో సభ్యత్వం, ధరావతు, గడువు, ఆలస్య రుసుము అనే నియమాలను పాటించినందున దానికీ "లైబ్రరీ" అనే పేరు స్థిరపడింది. క్యాసెట్టును వేసి అక్కడికక్కడే టిక్కెట్టుపై సినిమా చూపించే స్థలాన్ని వీడియో పార్లరు లేదా వీడియో హాలు అనేవారు. ఈ రెండూ వేరు. పార్లరు బహిరంగ ప్రదర్శన కిందికి వస్తుంది కాబట్టి దానికి వేరే లైసెన్సు అవసరం.

నేపథ్యం

టేపు పరిజ్ఞానం

ఇంటిలో వాడుకునే వీడియో క్యాసెట్లలో సోనీ సంస్థ వారి బీటామ్యాక్స్ 1975లోను, జేవీసీ సంస్థ వారి వీహెచ్ఎస్ 1976లోను జపానులో విడుదలయ్యాయి. ఎక్కువ నిడివి నమోదు చేయగలగటం, అనేక కంపెనీలు తయారు చేయటం వంటి కారణాల వలన వీహెచ్ఎస్ నిలిచింది. ఇందులోని టేపు వెడల్పు అర అంగుళం. భారతదేశంలో వాడే పాల్ పద్ధతిలో, ఇ-180 అని రాసి ఉండే క్యాసెట్టులో సుమారు 250 మీటర్ల టేపు ఉంటుంది. అది 3 గంటల పాటు నడుస్తుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా ఒకే క్యాసెట్టులో ఇమడటం అద్దె వ్యాపారానికి అనుకూలించింది. మూడున్నర గంటలకు పైగా నడిచే దానవీరశూరకర్ణ (1977) వంటి చిత్రాన్ని అలాంటి ఒక్క క్యాసెట్టులో పట్టించటం సాధ్యం కాదు.

తొలి అద్దె దుకాణాలు

జర్మనీలోని కాసెల్ నగరంలో 1975లో ప్రారంభమైన దుకాణాన్ని ప్రపంచంలోని తొలి వీడియో అద్దె దుకాణంగా పేర్కొంటారు. అమెరికాలో 1977లో ఆండ్రే బ్లే అనే వ్యాపారి ట్వెంటియెత్ సెంచురీ ఫాక్స్ సంస్థ నుండి 50 చిత్రాల హక్కులు పొంది వాటిని క్యాసెట్లుగా అమ్మకానికి పెట్టాడు. ఆ క్యాసెట్లతోనే జార్జి అట్కిన్సన్ లాస్ ఏంజెలెస్ నగరంలో అద్దె దుకాణం తెరిచాడు. సంవత్సర సభ్యత్వం 50 డాలర్లు, జీవిత సభ్యత్వం 100 డాలర్లు, అద్దె రోజుకు 10 డాలర్లు. సభ్యుల నుండి ముందుగా సొమ్ము తీసుకొని దానితో సరుకు కొనే ఈ పద్ధతినే తరువాత అనేక దేశాలలోని చిన్న వ్యాపారులు అనుసరించారు.

తెలుగునాట రాక

1982 నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ సంవత్సరమే దూరదర్శన్ రంగుల ప్రసారాలు ప్రారంభించింది. మధ్యతరగతి ఇళ్ళలో రంగుల టీవీలు కనిపించటం అప్పటి నుండే. గల్ఫ్ దేశాలకు, సింగపూరుకు వెళ్ళి వచ్చేవారు తమతో పాటు వీసీఆర్ తెచ్చుకోవటం ఆ రోజులలో గొప్పగా ఉండేది. తెలుగు వాడుకలో ఈ యంత్రానికి "డెక్కు" అనే పేరు వచ్చింది. నమోదు చేసే సౌకర్యం లేకుండా కేవలం చూపించే చవక రకాన్ని వీసీపీ అనేవారు.

అప్పట్లో ఉన్నది ఒక్క దూరదర్శనే. వారానికి ఒకటి రెండు సినిమాలు మాత్రమే ప్రసారమయ్యేవి. తమకు కావలసిన తెలుగు సినిమాను, తమకు వీలైన వేళలో చూడాలంటే క్యాసెట్టు తప్ప మరొక మార్గం లేదు. ఈ లోటే వీడియో లైబ్రరీకి పెట్టుబడి అయింది.

దుకాణం, సామగ్రి

సాధారణంగా ఇది ఒక గది దుకాణం. మూడు వైపులా గోడలకు సన్నని చెక్క అరలు, వాటిలో పుస్తకాల వలె నిలబెట్టిన క్యాసెట్లు, ముందు ఒక బల్ల, బల్ల మీద టీవీ, డెక్కు. గోడకు సినిమా పోస్టర్లు అంటించేవారు. ప్రతి క్యాసెట్టుకు ఒక వరుస సంఖ్య ఇచ్చి, వీపు మీద సినిమా పేరు రాసిన కాగితం అతికించేవారు. సినిమాల పేర్లను అక్షర క్రమంలోనో, కథానాయకుల వారీగానో రాసిన ఒక నోటు పుస్తకం బల్ల మీద ఉండేది. కొన్ని దుకాణాలలో అరలలో ఖాళీ అట్టపెట్టెలు మాత్రమే పెట్టి, అసలు క్యాసెట్లను బల్ల వెనుక దాచేవారు. దొంగతనం జరగకుండా ఇది ఒక జాగ్రత్త.

రోజువారీ పని

తిరిగి వచ్చినవాటి తనిఖీ

ఉదయం దుకాణం తీయగానే మొదటి పని ముందురోజు వెళ్ళిన క్యాసెట్లను తిరిగి తీసుకోవటం. బడికి వెళ్ళే పిల్లలు, ఆఫీసులకు వెళ్ళే పెద్దలు దారిలో ఇచ్చి వెళ్ళేవారు. అందుచేత ఉదయం రద్దీ ఎక్కువ.

తీసుకొన్న ప్రతి క్యాసెట్టును విప్పి చూడటం పద్ధతి. ముందుగా చూడవలసినది టేపు మొదటికి తిప్పి ఉన్నదా లేదా అనేది. చాలామంది సినిమా అయిపోగానే అలాగే తీసి తెచ్చేవారు. తిప్పకుండా తెచ్చిన వారి వద్ద ఒకటి రెండు రూపాయలు అదనంగా తీసుకుంటామని బోర్డు రాసిపెట్టినా, రోజూ వచ్చే ఖాతాదారుని వద్ద ఆ సొమ్ము అడగటం కష్టం. టేపును వెనక్కు తిప్పటానికి డెక్కునే వాడితే దాని మోటారు, బెల్టు త్వరగా అరిగిపోతాయి. కాబట్టి ఇందుకోసం రివైండరు అనే ప్రత్యేక చిన్న యంత్రాన్ని ఉంచుకొనేవారు.

రెండవది, ముందున్న మూతను ఎత్తి టేపు నలిగిందేమో చూడటం. మూడవది, పెట్టెలో ఉన్నది తమ క్యాసెట్టేనా అని వరుస సంఖ్య సరిచూడటం. మంచి ప్రింటు ఉన్న క్యాసెట్టును ఉంచుకొని, దాని పెట్టెలో మరొకటి పెట్టి ఇచ్చేవారూ ఉండేవారు. క్యాసెట్టు వీపున ఎడమ మూలలో చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దానిని విరిచివేస్తే ఆ క్యాసెట్టుపై మళ్ళీ నమోదు చేయటం కుదరదు. అయితే ఆ సందును అతుకు కాగితంతో మూసినవారు క్రికెట్ మ్యాచినో, మరొక కార్యక్రమాన్నో దాని మీద నమోదు చేసుకోవచ్చు. సినిమా మధ్యలో ఆ ముక్క కనిపించినప్పుడే సంగతి బయటపడేది. అప్పటికి ఆ క్యాసెట్టు నాలుగైదు ఇళ్ళు తిరిగి ఉండటం వలన బాధ్యులెవరో తేల్చటం అసాధ్యమయ్యేది. తనిఖీ తీసుకొనే క్షణంలోనే జరగాలనే నియమం ఇందుకే ఏర్పడింది.

ఖాతా పుస్తకం

దుకాణానికి గుండెకాయ వంటిది ఖాతా పుస్తకం. తేదీ, సభ్యుని సంఖ్య, పేరు, క్యాసెట్టు సంఖ్య, ఇచ్చిన సమయం, తిరిగి వచ్చిన తేదీ, అద్దె, బాకీ అనే గడులు అందులో ఉండేవి. తిరిగి వచ్చిన వరుసను గీత గీసి కొట్టివేసేవారు. రాత్రి దుకాణం మూసే ముందు గీత పడని వరుసలన్నీ చూసి మరొక కాగితంపై రాసుకొనేవారు. మరునాటి వసూళ్ళకు ఆ కాగితమే ఆధారం.

ఏ ఇంటివారు ఏ సినిమా ఎప్పుడు చూశారో ఈ పుస్తకానికి తెలుసు. కొందరు కొన్ని చిత్రాలను తమ పేరున రాయవద్దని కోరటం, దుకాణదారు కేవలం క్యాసెట్టు సంఖ్య మాత్రమే రాయటం మామూలే. ఈ గోప్యత ఎంత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది. 1987లో సుప్రీం కోర్టు న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించబడిన రాబర్ట్ బోర్క్ కుటుంబం అద్దెకు తీసుకొన్న 146 క్యాసెట్ల జాబితాను ఒక వాషింగ్టన్ వారపత్రిక ప్రచురించింది. ఆ జాబితాలో అభ్యంతరకరమైనదేమీ లేదు. అయినా ఒకరు ఇంట్లో ఏమి చూస్తున్నారనేది లోకానికి తెలియటమే తప్పని భావించి, అక్కడి చట్టసభ 1988లో వీడియో అద్దె వివరాల గోప్యతకు ప్రత్యేక చట్టం చేసింది. తెలుగు పట్టణాల దుకాణాలకు అటువంటి చట్టం లేదు. అక్కడ గోప్యతకు రక్ష బల్ల వెనుక కూర్చున్న మనిషి నోటి అదుపే.

ధరావతు, అద్దె, ఆలస్య రుసుము

కొత్త సభ్యుని నుండి కొంత సొమ్ము ధరావతుగా తీసుకొనేవారు. రేషను కార్డు నకలు గానీ, తెలిసినవారి హామీ గానీ అడిగేవారు. అద్దె ఊరిని బట్టి, సినిమా కొత్తదనాన్ని బట్టి మారేది. 1990 ప్రాంతంలో రోజుకు 5 నుండి 20 రూపాయల మధ్య ఉండటం సాధారణం. గడువు 24 గంటలు.

ఒక ఊహాత్మక లెక్కతో ఈ వ్యాపారాన్ని అర్థం చేసుకోవచ్చు. ఒక క్యాసెట్టు దుకాణదారుకు 200 రూపాయలు పడిందని, అద్దె రోజుకు 10 రూపాయలని అనుకుందాం. అసలు రావటానికే అది 20 సార్లు బయటకు వెళ్ళి రావాలి. కొత్త సినిమాకు గిరాకీ బాగా ఉండేది మొదటి నెల రోజులు. ఆ నెలలో ఒక ఖాతాదారు నాలుగు రోజులు ఆలస్యం చేస్తే 40 రూపాయలు, అనగా అసలులో ఐదవ వంతు పోయినట్లే. దీనికి తోడు ఆ సినిమా కోసం వచ్చి లేదని తెలుసుకొన్నవారు పక్క వీధి దుకాణానికి వెళతారు. అందువలన ఆలస్య రుసుము వసూలు చేయటం కంటే క్యాసెట్టును వెనక్కు రప్పించటమే ముఖ్యమైన పని. సైకిలు మీద ఇంటింటికీ తిరిగి క్యాసెట్లు అడిగి తెచ్చే కుర్రవాడు ఇందుకోసమే ఉండేవాడు.

సాయంత్రం బేరం

సాయంత్రం 5 గంటల నుండి రాత్రి 9 గంటల వరకు బేరం ముమ్మరంగా సాగేది. శనివారం సాయంత్రం, పండుగ ముందురోజు మరీ ఎక్కువ. "అన్నా, కొత్తవి ఏమొచ్చాయి?" అనేది సర్వసాధారణమైన ప్రశ్న. కొత్తవి ఉండేవి కొన్నే. అవి అప్పటికే బయటకు వెళ్ళి ఉండేవి. కాబట్టి అరలో ఉన్న పాత సినిమాను వచ్చినవారికి నచ్చేటట్లు చెప్పి పంపటంలోనే పనివాని నేర్పు తెలిసేది. ఆ ఇంట్లో ముసలివారు ఉన్నారా, పిల్లలు ఉన్నారా, పోయిన వారం ఏమి తీసుకువెళ్ళారు, అది నచ్చిందా అనేవి అతనికి గుర్తుండాలి. పౌరాణికాలు, జానపదాలు, హాస్య చిత్రాలు ఏళ్ళ తరబడి అద్దెకు వెళ్ళటానికి ఈ సిఫారసులే కారణం. చూసి నచ్చలేదని మరునాడు నిష్ఠూరమాడేదీ ఆ మనిషితోనే. ఒకసారి నమ్మకం పోతే ఆ ఇంటివారు మళ్ళీ అతని మాట వినరు.

ప్రింటు ఎలా ఉందనేది రెండవ ప్రశ్న. హక్కులు పొందిన సంస్థ విడుదల చేసిన క్యాసెట్టులో బొమ్మ స్పష్టంగా ఉంటుంది. క్యాసెట్టు నుండి క్యాసెట్టుకు నకలు తీసే కొద్దీ రంగులు వెలిసి, బొమ్మ వణుకుతుంది. థియేటరులో తెరను కెమెరాతో తీసినదానిని కెమెరా ప్రింటు అనేవారు. అందులో ప్రేక్షకుల తలలు, ఈలలు కూడా నమోదై ఉండేవి.

టీవీ, డెక్కు అద్దె

డెక్కు కొనలేని కుటుంబాల కోసం దుకాణాలు టీవీని, డెక్కును కూడా రాత్రి లెక్కన అద్దెకు ఇచ్చేవి. పది ఇళ్ళవారు చందా వేసుకొని ఒక రాత్రికి తెప్పించుకొనేవారు. దానితో పాటు మూడు నాలుగు క్యాసెట్లు ఇచ్చేవారు. శివరాత్రి జాగారం, వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళి విడిదులు ఇందుకు ముఖ్య సందర్భాలు. శివరాత్రికి డెక్కులు చాలక చాలా రోజుల ముందుగానే మాట్లాడుకోవలసి వచ్చేది.

సామాను వెంట దుకాణం కుర్రవాడు కూడా వెళ్ళేవాడు. రిక్షాలో టీవీని ఒడిలో పెట్టుకొని తీసుకువెళ్ళటం, తీగలు కలపటం, టీవీలో ఖాళీ ఛానలును డెక్కుకు శ్రుతి చేయటం, బొమ్మపై గీతలు వస్తే ట్రాకింగ్ మీట తిప్పి సరిచేయటం అతని బాధ్యత. పల్లెలలో విద్యుత్ వోల్టేజి నిలకడగా ఉండదు కనుక స్టెబిలైజరు కూడా మోసుకెళ్ళాలి. కరెంటు పోతే వచ్చేదాకా కూర్చోవాలి. తెల్లవారేవరకు మేలుకొని, ఉదయం సామాను దుకాణానికి చేర్చి, మళ్ళీ అదే బల్ల వెనుక కూర్చొనేవాడు. యంత్రానికి ఏదైనా జరిగితే ముందుగా జవాబు చెప్పవలసిందీ అతడే.

శుభ్రత, మరమ్మతులు

డెక్కులో బొమ్మను చదివే భాగాన్ని హెడ్డు అంటారు. ఇది నిమిషానికి 1500 సార్లు తిరిగే గుండ్రని దిమ్మెకు అమర్చి ఉంటుంది. టేపు నుండి రాలే పొడి దీనిమీద పేరుకొంటే బొమ్మ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. స్పిరిటులో తడిపిన మెత్తని తోలుముక్కను ఆనించి దిమ్మెను చేతితో నెమ్మదిగా తిప్పుతూ తుడవాలి. పైకీ కిందికీ తుడిస్తే హెడ్డు విరిగిపోతుంది. కొత్తగా చేరిన కుర్రవారికి దుకాణదారు నేర్పే తొలి పాఠాలలో ఇది ఒకటి.

కోస్తా జిల్లాలలోని తేమ వలన వానాకాలంలో టేపు అంచులకు తెల్లని బూజు పట్టేది. బూజు పట్టిన క్యాసెట్టును తుడవకుండా వేస్తే అది హెడ్డుకు అంటుకొని, తరువాత వేసే మంచి క్యాసెట్లనూ పాడుచేస్తుంది. అందుకని అరలను పొడిగా ఉంచటం, కదలకుండా పడి ఉన్న క్యాసెట్లను అప్పుడప్పుడు పూర్తిగా తిప్పటం చేసేవారు. శబ్ద పెట్టెలలోని అయస్కాంతాల దగ్గర క్యాసెట్లు పెట్టకూడదు. ఎండ తగిలేచోట పెట్టకూడదు.

టేపు తెగినా, డెక్కులో చిక్కి నలిగినా క్యాసెట్టును విప్పి బాగుచేసేవారు. దీనికి అడుగున ఐదు మరలు ఉంటాయి. నలిగిన ముక్కను కత్తిరించి, రెండు కొసలను సన్నని అతుకు పట్టీతో కలపాలి. అతుకు సమంగా లేకపోతే హెడ్డుకు ప్రమాదం. బాగుకాని క్యాసెట్ల పెట్టెలు, మూతలు, చక్రాలు దాచి ఉంచి ఇతర క్యాసెట్లకు వాడేవారు.

పనివారు

ఎక్కువ దుకాణాలను ఒక కుటుంబమే నడిపేది. యజమానికి తోడు ఒకరిద్దరు జీతగాళ్ళు ఉండేవారు. చదువు మానివేసిన కుర్రవారు, డిగ్రీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూసేవారు ఈ పనిలో చేరేవారు. తక్కువ పెట్టుబడితో ఒక గదిలో మొదలుపెట్టగల వ్యాపారం కావటం వలన నిరుద్యోగ యువకులు తామే దుకాణం తెరవటం కూడా జరిగింది. పని వేళలు ఉదయం నుండి రాత్రి వరకు. లోకానికి సెలవు దినం వీరికి అధిక శ్రమ దినం. జీతం కొద్దిపాటిది. క్యాసెట్టు పోతే అందులో కోత పడటమూ ఉండేది. ఇక్కడ తీగలు కలపటం, యంత్రాలు విప్పటం నేర్చుకొన్నవారిలో కొందరు తరువాత కేబుల్ టీవీ నిర్వాహకులుగా, పెళ్ళి వీడియోలు తీసేవారిగా, టీవీ మెకానిక్కులుగా స్థిరపడ్డారు.

చట్టం

ఈ వ్యాపారంలో పెద్ద చిక్కు కాపీరైటు. భారత కాపీహక్కుల చట్టం (1957) వీడియో రాక ముందటిది. 1984లో దానిని సవరించారు. ఆ సవరణ ప్రకారం వీడియో క్యాసెట్టులోను, దాని పెట్టె మీద కూడా తయారీదారు పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా ఉండాలి. హక్కుదారు అనుమతి పొందినట్లు ప్రకటన, సెన్సారు ధ్రువపత్రం నకలు కూడా చూపాలి. నేరం రుజువైతే సాధారణంగా 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల రూపాయల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. సబ్ ఇన్‌స్పెక్టరు, ఆ పై హోదా గల అధికారి వారంటు లేకుండానే నకిలీ క్యాసెట్లను స్వాధీనం చేసుకోవచ్చు. 1994లో చేసిన మరొక సవరణ ద్వారా సినిమా ప్రతిని అద్దెకు ఇచ్చే హక్కు కూడా హక్కుదారునికే చెందుతుందని, ఆ ప్రతి అంతకు ముందు అమ్ముడైనదైనా సరే ఇది వర్తిస్తుందని స్పష్టం చేశారు.

అమెరికాలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ ఒకసారి సక్రమంగా కొన్న క్యాసెట్టును అద్దెకిచ్చుకొనే హక్కు కొన్నవారికి ఉంటుంది. అందువలన దుకాణదారు నిర్మాత అనుమతి కోరనవసరం లేదు.

తెలుగు సినిమాల అధికారిక క్యాసెట్లు చిత్రం థియేటర్లలో ఆడిన చాలా కాలానికి గానీ వచ్చేవి కావు. ఖాతాదారులు అడిగేది మాత్రం ఆ వారం విడుదలైన సినిమా. ఈ రెంటి మధ్య ఎడమును నకిలీ క్యాసెట్లు పూరించాయి. అన్ని దుకాణాలూ నకిలీలు పెట్టలేదు. పెట్టనివారు బేరం పోగొట్టుకొన్నారు, పెట్టినవారు దాడులకు గురయ్యారు. దాడి జరిగినప్పుడు క్యాసెట్టు నకలు తీసినవాడు దొరకటం అరుదు. బల్ల వెనుక కూర్చున్న జీతగాడే ముందుగా పోలీసు స్టేషనుకు వెళ్ళవలసి వచ్చేది. మరొకవైపు, నకిలీల వలన నిర్మాతలకు, పంపిణీదారులకు, చిన్న ఊళ్ళ థియేటర్లకు కలిగిన నష్టమూ నిజమే. ఒక చిత్రంపై అప్పు తెచ్చి పెట్టిన సొమ్ము మొదటి వారాలలోనే తిరిగి రావలసి ఉంటుంది. ఆ వారాలలోనే నకలు ఇంటికి చేరితే ఆ సొమ్ము రాదు.

ప్రవాస తెలుగువారు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి 1980, 1990 దశకాలలో తెలుగు సినిమా చూసే ప్రధాన సాధనం భారతీయ సరుకుల దుకాణంలో దొరికే అద్దె క్యాసెట్టు. పప్పులు, మసాలా దినుసుల పక్కనే ఒక అరలో హిందీ, తెలుగు, తమిళ క్యాసెట్లు ఉండేవి. అయితే అమెరికా టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, భారతదేశపు క్యాసెట్లు పాల్ పద్ధతివి. స్వదేశం నుండి బంధువులు తెచ్చిన క్యాసెట్టు అక్కడి మామూలు డెక్కులో సరిగా కనిపించదు. దానిని మార్చి నమోదు చేయించుకోవాలి, లేదా రెండు పద్ధతులలోనూ పనిచేసే యంత్రం కొనుక్కోవాలి. గల్ఫ్ దేశాలలో చాలావాటిలో పాల్ పద్ధతే వాడుకలో ఉండటం వలన అక్కడివారికి ఈ ఇబ్బంది అంతగా లేదు.

సినీ రంగంతో సంబంధం

రోజుకు పది సినిమాల గురించి పదిమందితో మాట్లాడే ఈ పని కొందరికి సినిమా పాఠశాల అయింది. దర్శకుడు రాంగోపాల్ వర్మ విజయవాడలో ఇంజనీరింగు చదివి, ఆ పిమ్మట హైదరాబాదులోని అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపాడు. దాని ద్వారా సినీరంగం వారితో పరిచయాలు పెంచుకొని, 1989లో నాగార్జున కథానాయకుడిగా శివ చిత్రంతో దర్శకుడయ్యాడు. అమెరికా దర్శకుడు క్వెంటిన్ టరాంటినో కూడా 1980వ దశకంలో కాలిఫోర్నియాలోని ఒక వీడియో దుకాణంలో సుమారు ఐదేళ్ళు పనిచేశాడు.

క్షీణత

ఈ దుకాణాలు ఒక్కసారిగా మూతపడలేదు. ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన మార్పులు ఆదాయాన్ని తగ్గిస్తూ వచ్చాయి.

మొదటిది కేబుల్ టీవీ. 1990వ దశకం తొలి సంవత్సరాలలో వీధి కేబుల్ నిర్వాహకులు రోజూ సినిమాలు వేయసాగారు. మొదట్లో వారు కూడా వీడియో లైబ్రరీల నుండే క్యాసెట్లు తీసుకొనేవారు. వందల ఇళ్ళు చూసే సినిమాకు లైబ్రరీకి దక్కేది ఒక్క రోజు అద్దె. 1995లో జెమినీ, ఈటీవీ ఛానళ్ళు ప్రారంభమైన తరువాత తెలుగు సినిమా ప్రతి రోజూ ఇంట్లోకి ఉచితంగా రావటం మొదలైంది.

రెండవది వీసీడీ. 1993లో రూపొందిన ఈ పద్ధతిలో ఒక డిస్కులో సుమారు 74 నిమిషాలు పడుతుంది. కనుక ఒక తెలుగు సినిమాకు రెండు లేక మూడు డిస్కులు కావాలి. వెనక్కు తిప్పే పని, బూజు తుడిచే పని తప్పాయి. వాటి స్థానంలో గీతలు పడ్డ డిస్కులతో తగవులు వచ్చాయి. క్యాసెట్లపై పెట్టిన పెట్టుబడి వృథా అయింది. కొన్నేళ్ళకే డీవీడీ రావటంతో అదే నష్టం రెండవసారి కలిగింది.

మూడవది ధర. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మటం ప్రారంభించింది. నకిలీలను అరికట్టటం దీని ఉద్దేశం. అయితే రెండు మూడు రోజుల అద్దె ధరకే సినిమా సొంతమవుతుంటే అద్దెకు తీసుకొనే అవసరం పోయింది. పాత లెక్క ప్రకారం 20 సార్లు తిరిగితే గానీ అసలు రాని వ్యాపారానికి ఇది పెద్ద దెబ్బ.

చివరిది అంతర్జాలం. సినిమాలను మెమొరీ కార్డులలోకి ఎక్కించుకోవటం, తరువాత ఫోనులోనే చూడటం అలవాటైంది. 2020లో తెలుగు చిత్రాల కోసమే ఆహా అనే ప్రసార వేదిక మొదలైంది. మిగిలిన వీడియో దుకాణాలలో కొన్ని జిరాక్సు, సెల్‌ఫోను రీఛార్జి, పెళ్ళి ఫొటోల దుకాణాలుగా మారాయి.

ప్రపంచమంతటా ఇదే జరిగింది. 1985లో డల్లాస్ నగరంలో మొదలై వేల దుకాణాలకు విస్తరించిన బ్లాక్‌బస్టర్ సంస్థ 2010లో దివాలా ప్రకటించింది. 2019 నుండి ఆ పేరుతో మిగిలినది అమెరికాలోని బెండ్ పట్టణంలోని ఒకే ఒక్క దుకాణం. వీసీఆర్ల ఆఖరి తయారీదారుగా పేర్కొనే ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఉత్పత్తి నిలిపివేసింది. డీవీడీలను తపాలాలో అద్దెకు పంపుతూ ఎదిగిన నెట్‌ఫ్లిక్స్ సైతం 2023 సెప్టెంబరులో ఆ సేవను ముగించింది.

దుకాణాలతో పాటు పోయినవి కొన్ని ఉన్నాయి. డీవీడీగా గానీ, అంతర్జాలంలో గానీ తిరిగి రాని పాత చిత్రాలు క్యాసెట్లలోనే ఉండిపోయాయి. టేపు మీది అయస్కాంత పూత కాలక్రమేణా రాలిపోతుంది, బూజు పడుతుంది. అందుచేత ఇళ్ళలో, మూతపడిన దుకాణాల అటకలపై మిగిలిన క్యాసెట్లను కంప్యూటరులోకి మార్చుకోవలసినవారు ఆలస్యం చేయరాదు. వాటిని ఆడించే డెక్కులు, వాటిని బాగుచేయగల మెకానిక్కులు కూడా ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇవి కూడా చూడండి

వీడియో క్యాసెట్ రికార్డరు
దూరదర్శన్
కేబుల్ టీవీ
కాపీహక్కు
తెలుగు సినిమా